క్రూయిజ్ కంట్రోల్ మొరాయిస్తే

మన సంస్థలో పనిచేస్తున్న వారిలోనూ, పదవీ విరమణ చేసిన వారిలోనూ పిల్లలను పైచదువులకు అమెరికా పంపిన కుటుంబాలు నేడు తక్కువేమీ కావు. అక్కడికి చేరిన విద్యార్థి మొదటి ఏడాదిలో కొనే పెద్ద వస్తువు సాధారణంగా ఒక పాత కారు. పదిహేను, ఇరవై ఏళ్ళ వయసున్న ఆ కారును అమ్మేవారు చెప్పే మాట కూడా ఇంచుమించు ఒకటే: "అన్నీ బాగున్నాయి, ఒక్క క్రూయిజ్ కంట్రోల్ మాత్రం పనిచేయదు." కొన్నవారు ఆ సమయానికి తల ఊపుతారు. తరువాత ఒక ఊరి నుండి మరొక ఊరికి ఐదారు గంటలు ఒకే వేగంతో నడపవలసి వచ్చినప్పుడు కుడికాలు లాగుతుంది. అప్పుడు ఇంటికి ఫోను వస్తుంది. తండ్రి ముప్పై ఏళ్ళు మెయింటెనెన్స్‌లో పనిచేసినవాడు కదా, ఆయనకు తెలియని లోపం ఉంటుందా అని పిల్లల నమ్మకం. ఆయన కంట్రోల్ రూము చూశాడే గాని క్రూయిజ్ కంట్రోల్ ఉన్న కారు నడిపి ఉండడు. కనుక ఆ ప్రశ్న అక్కడి నుండి ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలోని మా వంటి వారి వద్దకు చేరుతుంది.

ఇలా చేరిన ప్రశ్నలు కొన్ని అయిన తరువాత ఈ విషయాన్ని మన పత్రికలో వ్రాయటం మేలని తోచింది. కారు లేని పాఠకులకు కూడా ఇందులో పరిచయమైన సంగతులే ఎదురవుతాయి. మన ప్లాంటులో ప్రతి షిఫ్టులో మనం మాట్లాడుకునే పర్మిసివ్, ఇంటర్‌లాక్, ట్రిప్ అనే మాటలే ఆ చిన్న పరికరంలోనూ ఉన్నాయి.

చూపు లేని ఇంజనీరు

డ్రైవరు ఒక వేగం నిర్ణయించి మీట నొక్కితే, ఆక్సిలరేటరు మీద కాలు తీసివేసినా కారును అదే వేగంతో నడిపించేది క్రూయిజ్ కంట్రోల్. దీనిని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ 1890లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, హేగర్స్‌టౌన్ అనే చిన్న ఊరిలో జన్మించారు. ఐదేళ్ళ వయసులో జరిగిన ప్రమాదంలో రెండు కళ్ళూ పోయాయి. అయినా పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగు చదివి 1912లో పట్టభద్రులయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధనౌకల ఆవిరి టర్బైన్ల రోటార్లను బ్యాలెన్సు చేసే సమస్యను చేతి స్పర్శతోనే పరిష్కరించారు. రోటారు బ్యాలెన్సింగు అంటే ఏమిటో ఎరిగిన మన పాఠకులకు ఈ ఒక్క సంగతి చాలు, ఆయన ఎటువంటి ఇంజనీరో గ్రహించటానికి. 1936లో ఆయన అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షులయ్యారు.

ఆయన న్యాయవాది ఒకరు కారు నడుపుతూ మాట్లాడేటప్పుడు వేగం తగ్గించేవారనీ, వినేటప్పుడు పెంచేవారనీ, ఆ కుదుపులు భరించలేక టీటర్‌కు ఈ ఆలోచన వచ్చిందనీ చెబుతారు. చూపు ఉన్నవారు కిటికీలోంచి బయటకు చూస్తూ ఆ కుదుపును మరచిపోయి ఉండేవారేమో. ఆయన పరికరానికి 1950లో పేటెంటు లభించింది. 1958లో క్రైస్లర్ సంస్థ తన ఇంపీరియల్ వంటి ఖరీదైన కార్లలో దానిని అమర్చింది. క్రూయిజ్ కంట్రోల్ అన్న పేరు తరువాత కాడిలాక్ వారి ద్వారా స్థిరపడింది. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత నిలకడ వేగంతో ఇంధనం కలిసి వస్తుందన్న కారణంగా ఇది సాధారణ కార్లకు కూడా వ్యాపించింది. తాను జీవితంలో ఎన్నడూ నడపలేని వాహనానికి ఈ సౌకర్యం సమకూర్చిన టీటర్ 1982లో మరణించారు.

పాత పద్ధతి ఎలా పనిచేస్తుంది

ఇప్పటి కార్లలో ఆక్సిలరేటరుకూ ఇంజనుకూ మధ్య తీగ లేదు. అంతా కంప్యూటరు చేతిలో ఉంటుంది. మన దేశంలో అమ్ముడవుతున్న కార్లలో ఉన్నది కూడా ఈ పద్ధతే. మేము ఇక్కడ చెప్పేది దానికి ముందు కాలపు కార్ల గురించి, ముఖ్యంగా 1980, 1990 దశకాలలో తయారై ఇప్పటికీ రోడ్డు మీద తిరుగుతున్న వాటి గురించి.

వాటిలో ఇంజను పక్కన అరచేతిలో పట్టేటంత డబ్బా ఒకటి ఉంటుంది. అందులో రబ్బరు డయాఫ్రం, దానికి కట్టిన ఒక తీగ, ఆ తీగ రెండవ కొస ఇంజనుకు గాలి వదిలే థ్రాటిల్‌కు. పెట్రోలు ఇంజను గాలిని పీల్చుకునేటప్పుడు దాని గొట్టంలో సహజంగా వాక్యూమ్ ఏర్పడుతుంది. ఆ వాక్యూమ్‌ను డబ్బాలోనికి వదిలితే డయాఫ్రం లోపలికి లాగబడుతుంది, థ్రాటిల్ తెరచుకుంటుంది. వాక్యూమ్‌ను విడుదల చేస్తే స్ప్రింగు థ్రాటిల్‌ను మూసివేస్తుంది. ఈ లాగటం, వదలటం చేసేవి చిన్న సోలినాయిడ్ కవాటాలు. వాటికి ఆజ్ఞలిచ్చేది డాష్‌బోర్డు కింద ఉండే కంట్రోల్ యూనిట్. గేరుబాక్సు వద్దనున్న సెన్సారు నుండి కారు వేగం తెలుసుకుని, డ్రైవరు కోరిన వేగంతో పోల్చి, తేడాను బట్టి అది కవాటాలను నడుపుతుంది. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి తిరిగే గుండ్లతో గవర్నరు బిగించిన నాటి నుండి మన టర్బైన్ గవర్నరు వరకు సూత్రం ఇదే.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. కరెంటు పోతే విడుదల కవాటం స్ప్రింగు బలంతో దానంతట అదే తెరచుకుంటుంది. గొట్టం పగిలినా వాక్యూమ్ నిలువదు. ఫ్యూజు పోయినా, తీగ తెగినా, స్విచ్ చెడినా ఫలితం ఒక్కటే: క్రూయిజ్ కంట్రోల్ పట్టదు, పట్టినది వదిలివేస్తుంది. అంటే లోపం వస్తే ప్రమాదం లేని వైపుకు పడిపోయేటట్లు దీనిని నిర్మించారు. కనుక "మా కారులో క్రూయిజ్ కంట్రోల్ పట్టటం లేదు" అన్నవారితో మేము మొదట చెప్పేది, అది చెడిపోయిందని తొందరపడవద్దు, బహుశా తన విధి తాను నిర్వర్తిస్తున్నది అని. దానికి కావలసిన అనుమతులలో ఏదో ఒకటి అందటం లేదు. ఆ ఒక్కటి ఏదో వెదకటమే మన పని. వేలకు వేలు పోసి కంట్రోల్ యూనిట్ మార్చటం కాదు.

అనుమతులు ఏవి? ప్రధాన మీట వేసి ఉండాలి. కారు వేగం గంటకు సుమారు 40 కిలోమీటర్లు దాటి ఉండాలి. బ్రేకు పెడలు మీద కాలు ఉండకూడదు. మాన్యువల్ గేరు కారైతే క్లచ్ మీద కూడా ఉండకూడదు. ఆటోమాటిక్ అయితే గేరు ముందుకు నడిచే స్థానంలో ఉండాలి. ఇవన్నీ సరిపోయిన తరువాతనే స్టీరింగు మీది మీట నొక్కితే వేగం పట్టుబడుతుంది. బాయిలరు వెలిగించే ముందు మన కంట్రోల్ రూములో ఒకదాని తరువాత ఒకటి వెలిగే పర్మిసివ్ దీపాలను గుర్తు తెచ్చుకుంటే సరిపోతుంది. తేడా ఏమిటంటే, కారులో ఆ దీపాలు లేవు. ఏది అందలేదో కారు చెప్పదు.

బ్రేకు పెడలు వద్ద మొదలు పెట్టాలి

మా అనుభవంలో ఎక్కువ లోపాలు దొరికింది బ్రేకు పెడలు దగ్గరే. ఒక ఉదాహరణ చెబుతాము.

మాతో కలిసి పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మిత్రుని కుమారుడు 2011లో ఒహాయో రాష్ట్రంలో చదువుకుంటూ జపాను కంపెనీ కారు ఒకటి కొన్నాడు. 1990 దశకం మధ్యలో తయారైనది. క్రూయిజ్ కంట్రోల్ పట్టేది కాదు. కంట్రోల్ యూనిట్ మార్చాలని ఒక గ్యారేజీలో చెప్పారు. గదిలో ఉన్న స్నేహితుడు అంత ఖర్చెందుకు, పెడలు దగ్గర స్విచ్‌కు వచ్చే రెండు తీగలు కోసి కలిపితే పట్టుకుంటుందని చెప్పాడు. అబ్బాయి అదే చేయబోతూ, ఎందుకైనా మంచిదని తండ్రిని అడిగాడు. ఆ సాయంకాలం మిత్రుడు మా ఇంట్లోనే ఉండటం వలన ఫోను మధ్యలో పెట్టుకుని మాట్లాడాము.

"ఒరేయ్, ఇంకేమైనా ఇబ్బంది ఉందా కారులో?" అని తండ్రి అడిగారు.

"ఏమీ లేదు నాన్నగారూ. చలికి బ్యాటరీ రెండుసార్లు దిగిపోయింది, అంతే."

మిత్రుడు మా వైపు చూశారు. "రాత్రి కారు ఆపి తాళం వేశాక వెనుక ఎర్ర లైట్లు ఆరుతున్నాయో లేదో చూశావా?"

చూడలేదన్నాడు. వెళ్ళి చూసి వచ్చాడు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పెడలు కింద చాప మీద నీలం రంగు ప్లాస్టిక్ ముక్కలు నాలుగైదు రాలి ఉన్నాయని కూడా చెప్పాడు.

సంగతి తేలిపోయింది. బ్రేకు పెడలు పైకి లేచి ఉన్నప్పుడు దాని కమ్మీ ఒక స్విచ్ మొనను నొక్కిపెట్టి ఉంచుతుంది. కమ్మీలో ఆ చోట ఒక రంధ్రం, రంధ్రంలో చొక్కా గుండీ అంత ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. మొన దానికి ఆనుతుంది. ఇరవై ఏళ్ళ ఎండకు, చలికి ఆ బిళ్ళ పెళుసుబారి పొడి అవుతుంది. అప్పుడు స్విచ్ మొన రంధ్రంలోంచి బయటకు పొడుచుకు వస్తుంది. పెడలు తొక్కకపోయినా తొక్కినట్లే స్విచ్ భావిస్తుంది. బ్రేకు లైట్లు రాత్రంతా వెలుగుతాయి, బ్యాటరీ దిగుతుంది, క్రూయిజ్ కంట్రోల్ మాత్రం, డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టుకుని ఉన్నాడు కాబట్టి నేను పట్టను అంటుంది. మూడు లోపాలు కావు, ఒకే లోపం మూడు చోట్ల కనిపించింది. కొత్త బిళ్ళ ఖరీదు కొద్ది డాలర్లు. బిగించటానికి పట్టిన సమయంలో ఎక్కువ భాగం డాష్‌బోర్డు కింద తలక్రిందులుగా పడుకోవటానికే పోయిందని అబ్బాయి తరువాత చెప్పాడు.

స్నేహితుని సలహా పాటించి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పుకోవాలి. ఆ కార్లలో బ్రేకు స్విచ్ రెండు పనులు చేస్తుంది. డ్రైవరు బ్రేకు తొక్కాడని కంట్రోల్ యూనిట్‌కు కబురు పంపటం ఒకటి. ఆ యూనిట్‌తో నిమిత్తం లేకుండా కవాటాలకు పోయే కరెంటును నేరుగా తెంచివేయటం రెండవది. తీగలు కలిపితే ఈ రెండవ దారి శాశ్వతంగా పోతుంది. ఇక యూనిట్‌లో ఏ రోజు లోపం వస్తే ఆ రోజు, బ్రేకు తొక్కుతున్నా ఇంజను లాగుతూనే ఉంటుంది. అంతకన్న ముఖ్యం, వెనుక వచ్చే కారుకు ఆ అబ్బాయి ఎప్పుడూ బ్రేకు వేస్తున్నట్లే కనిపిస్తాడు. నిజంగా వేసినప్పుడు తెలియదు. క్రూయిజ్ కంట్రోల్ పట్టకపోవటం వలన అతనికి కాలు నొప్పి ఒక్కటే వచ్చింది. ఇంటర్‌లాక్‌ను బైపాస్ చేసి ఉంటే లోపమూ ఉండేది, లోపం చెప్పే నోరూ ఉండేది కాదు.

దీనికి సరిగా వ్యతిరేకమైన లోపం కూడా ఉన్నది. కొన్ని అమెరికా కార్లలో కంట్రోల్ యూనిట్ బ్రేకు లైట్ల బల్బు తీగ గుండా తనకు ఎర్తు అందుతున్నదో లేదో చూసుకుంటుంది. బల్బులన్నీ కాలిపోతే ఎర్తు అందదు. వెనుక లైట్లు లేని కారును నిలకడ వేగంతో నడపటం క్షేమం కాదు గనుక క్రూయిజ్ కంట్రోల్ పట్టదు. పాత బల్బులు తీసి ఎల్‌ఈడీ బల్బులు పెట్టుకున్నవారికి కూడా ఇదే జరుగుతుంది. లైట్లు చక్కగా వెలుగుతాయి, అయినా యూనిట్‌కు బల్బు ఉన్నట్లు తెలియదు. ముచ్చటపడి బల్బులు మార్చిన వారం తరువాత క్రూయిజ్ కంట్రోల్ చెడిందని చెప్పేవారు ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని ఊహించరు. అందువలన "ఎప్పటి నుండి పనిచేయటం లేదు?" అనే ప్రశ్న కన్న "దానికి ముందు కారులో ఏమి మార్చారు?" అనే ప్రశ్న ఎక్కువ ఉపయోగకరం.

పట్టి వదిలేస్తే, పట్టి ఊగితే

అసలు పట్టకపోవటం వేరు. పట్టిన తరువాత సరిగా నిలువకపోవటం వేరు. రెండవ రకంలో చూడవలసినవి ఎక్కువగా ఇంజను వైపు ఉంటాయి.

చదును నేల మీద బాగా నడిచి, ఎత్తు ఎక్కేటప్పుడు వేగం జారిపోతుంటే వాక్యూమ్‌ను అనుమానించాలి. ఎత్తులో థ్రాటిల్ బాగా తెరచుకుంటుంది. తెరచుకున్న కొద్దీ ఇంజనులో వాక్యూమ్ తగ్గిపోతుంది. అంటే లాగవలసిన అవసరం ఎక్కువైనప్పుడే లాగే బలం తక్కువ. దీనికి విరుగుడుగా అనేక కార్లలో చిన్న నిలువ డబ్బా, వెనుకకు పోనివ్వని కవాటం ఒకటి పెట్టారు. ఆ కవాటం గాని, రబ్బరు గొట్టాలు గాని పాతబడి గాలి లాగుతుంటే నిలువ మిగలదు. గొట్టాలను కొసల వద్ద వంచి చూస్తే సన్నని పగుళ్ళు కంటికే కనిపిస్తాయి. చేతిపంపుతో డయాఫ్రం డబ్బాకు వాక్యూమ్ ఇచ్చి అది నిలుస్తున్నదో లేదో చూడటం ఇంకా రూఢి.

వేగం పెరుగుతూ, తగ్గుతూ ఊగిసలాడితే (మన గవర్నర్ల విషయంలో హంటింగ్ అంటామే, అదే) థ్రాటిల్‌కు కట్టిన తీగ వదులుగా ఉన్నదేమో చూడాలి. స్పీడోమీటరుకు కేబులు ఉన్న కార్లలో ఆ కేబులు పొడిబారి కుదుపులతో తిరిగినా ఇలాగే జరుగుతుంది. ముల్లు వణకటం దానికి గుర్తు. స్పీడోమీటరు అసలే పనిచేయకపోతే సెన్సారు చెడినట్లే లెక్క. తన వేగం తనకు తెలియని పరికరం వేగాన్ని ఎలా నిలుపుతుంది?

ప్రధాన మీట దీపం వెలిగి, స్టీరింగు మీది మీటలకు మాత్రం స్పందన లేకపోతే ఒకసారి హారను మ్రోగించి చూడాలి. కొన్ని కార్లలో రెండింటికీ కరెంటు ఒకే ఫ్యూజు నుండి వస్తుంది. ఫ్యూజు బాగుండి హారను కూడా మ్రోగకపోతే, స్టీరింగు తిరిగినా తెగకుండా చుట్టలు చుట్టుకుని ఉండే పలుచని రిబ్బను తీగ తెగి ఉండవచ్చు. ఎయిర్‌బ్యాగు తీగ కూడా అందులోనే ఉంటుంది గనుక అది ఇంట్లో విప్పవలసిన పని కాదు. పొరపాటున పేలిన ఎయిర్‌బ్యాగు ఎముకలు విరిచేయగలదు.

ఉదయం చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, ఎండలో నిలిపిన తరువాత పనిచేయకపోతే మాత్రం కంట్రోల్ యూనిట్ విప్పి చూడవచ్చు. వేడికి, చలికి సాగి ముడుచుకుని సోల్డరు అతుకుల చుట్టూ వెంట్రుక వంటి పగుళ్ళు ఏర్పడతాయి. భూతద్దంతో చూసి తిరిగి సోల్డరు చేస్తే సరిపోయిన యూనిట్లు అనేకం. ఇది చివరి మెట్టు. మొదటి మెట్టు కాదు.

కాపలాదారు నుండే నిప్పు

రక్షణ కోసం పెట్టిన పరికరమే ప్రమాదకారి అయిన ఉదంతం కూడా ఈ విషయంలో ఉన్నది. దానిని చెప్పక తప్పదు, ఎందుకంటే ఆ కార్లు కొన్ని ఇప్పటికీ చేతులు మారుతున్నాయి.

ఫోర్డు కంపెనీ 1990 దశకంలో తయారు చేసిన అనేక వాహనాలలో, పెడలు దగ్గరి స్విచ్‌కు తోడుగా రెండవ స్విచ్ ఒకటి బ్రేకు మాస్టర్ సిలిండరు దగ్గర అమర్చారు. బ్రేకు నూనె ఒత్తిడి పెరగగానే అది క్రూయిజ్ కంట్రోల్‌ను తెంచివేయాలి. మొదటిది విఫలమైనా రెండవది ఆదుకుంటుందన్న ఉద్దేశం మంచిదే. ఆ స్విచ్‌లో ఒక వైపు బ్రేకు నూనె, రెండవ వైపు విద్యుత్తు. మధ్య అడ్డు పలుచని ప్లాస్టిక్ పొర. ఏళ్ళ తరబడి ఒత్తిడికి ఆ పొర పగిలి నూనె రెండవ వైపుకు చేరేది. కాంటాక్టులు తుప్పు పట్టేవి. లోపల వేడి పుట్టేది. తాళం తీసివేసినా ఆ స్విచ్‌కు అనేక వాహనాలలో కరెంటు అందుతూనే ఉండేది. అందువలన ఇంజను ఆపి, రాత్రి ఇంటి గ్యారేజీలో నిలిపి ఉంచిన వాహనాలు అంటుకున్నాయి. కొన్ని చోట్ల ఇళ్ళకు కూడా నిప్పు పాకింది. 1999లో మొదలైన రీకాల్‌లు ఒకదాని తరువాత ఒకటిగా 2009 వరకు సాగాయి. మొత్తం వాహనాలు కోటికి పైగా. పరిష్కారం ఏమిటంటే, ఆ స్విచ్ వరుసలో ఫ్యూజు ఉన్న చిన్న తీగల కట్ట ఒకటి చేర్చటం. అనుమతి స్విచ్‌కు అవసరమైన కరెంటు కొద్దిపాటిదే. దానిని పెద్ద ఫ్యూజు వెనుక, రేయింబవళ్ళు వదిలివేయటంలోనే ముప్పు ఉన్నది.

అటువంటి వాహనం కొనబోయేవారు 17 అక్షరాలు, అంకెలు గల దాని గుర్తింపు సంఖ్యను ఆ కంపెనీ డీలరుకు చెప్పి, రీకాల్ పని జరిగిందో లేదో తెలుసుకోవాలి. స్విచ్ చుట్టూ తడి, నల్లని జిగురు, కాలిన వాసన ఉంటే ఆ తీగ ఊడదీసే వరకు ఇంటి పక్కన నిలపరాదు. క్రూయిజ్ కంట్రోల్ ఎందుకు పనిచేయటం లేదో వెదుకుతూ ఈ పగులును కనుగొన్నవారికి, ఆ పని చేయకపోవటమే ముందస్తు హెచ్చరిక అయినది.

సరిచేసిన తరువాత

ఏ లోపం సరిచేసినా, పట్టుకుంటున్నదని సంతోషించి ఊరుకోకూడదు. వదులుతున్నదో లేదో చూడాలి. పరీక్షకు ఖాళీగా, పొడిగా ఉన్న తిన్నని రోడ్డు ఎంచుకోవాలి. గంటకు అరవై కిలోమీటర్ల వద్ద వేగం పట్టించి, కుడికాలితో బ్రేకు పెడలును వేగం తగ్గనంత తేలికగా తాకాలి. ఇంజను లాగటం వెంటనే మానాలి. తిరిగి పట్టించి ఈసారి ప్రధాన మీట ఆపాలి. మాన్యువల్ గేరు కారైతే మూడవసారి క్లచ్ తొక్కాలి; ఇంజను ఉరకకుండా నెమ్మదించాలి. వేరొకరిని కారు వెనుక నిలబెట్టి బ్రేకు లైట్లు వెలగటం, ఆరటం ముందే చూసి ఉండాలి.

వీటిలో ఏ ఒక్కటి తప్పినా బాగుచేసే వరకు ఆ సౌకర్యానికి ఫ్యూజు తీసివేసి నడపటం మంచిది. తీసే ముందు ఫ్యూజు పెట్టె మూత మీది పట్టిక చదవాలి. కొన్ని కార్లలో బ్రేకు లైట్లకు కూడా అదే ఫ్యూజు.